ఆదివారం పాసు

"ఆగండాగండి! మెషీన్లో డబ్బులు వెయ్యకండి!"

జర్మనీలో బ్రేమెన్ స్టేషన్ ముందు, ట్రామ్ టికెట్ల మెషీన్ దగ్గర ఎల్‌ఫ్రీడె వార్న్‌కెన్ వేసిన కేకకి ఆ దంపతులు ఉలిక్కిపడ్డారు. ఆవిడ తన నెలవారీ పాసు తీసి చూపించింది.

"ఆదివారాల్లో దీని మీద నాతో ఇంకొకరు ఉచితంగా రావచ్చు. మీరు ఒక్క టికెట్టే కొనుక్కోండి. ఊరు నేను చూపిస్తాగా."

భార్య తన సంచీని చంకలోకి లాక్కుంది. "అక్కర్లేదండీ," అన్నాడు భర్త. ఇద్దరూ గబగబా రెండు టికెట్లు కొనుక్కుని వెళ్లిపోయారు.

పొద్దుటి నుంచి ఇది నాలుగో 'అక్కర్లేదు'. ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగే మనుషులు, ఆవిడ ఊరికే తీసుకెళ్తానంటే మాత్రం దొంగని చూసినట్టు చూశారు. ఇంకెవరూ దొరక్కపోతే ఇంటికి పోవాలి. ఆదివారం కొట్లు తెరవరు. వాక్యూమ్ క్లీనర్ నడిపినా, ఆదివారం పూట చప్పుడేంటని పక్కవాటా వాళ్లు తలుపు కొడతారు. రాత్రి దాకా గడియారం చప్పుడు వింటూ కూర్చోవాలి. డెబ్బై రెండేళ్ల ఎల్‌ఫ్రీడెకి ఆదివారమంటే నిజంగానే భయం.

అంతలో ఇంకొకాయన మెషీన్ ముందుకొచ్చాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. తలమీద టోపీ, చేతిలో మడత విప్పని మ్యాపు. డబ్బులు వెయ్యడు, పక్కకీ జరగడు.

"ఊరికి కొత్తా?" అడిగింది ఆవిడ.

ఆయన ఆవిడ మొహంలోకి ఓ క్షణం చూశాడు. "ఆఁ... అవునండీ. కొత్తే."

"ఏ ఊరు?"

"సెల్లె. పేరు హిన్రిక్ టీట్యెన్."

"అయితే నా పాసు మీద రండి. ఒకటే షరతు. నా పక్కనే ఉండాలి. విడిపోయారో, జరిమానా మీకే."

"విడిపోనండీ," అన్నాడాయన వెంటనే.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నాలుగో నంబరు ట్రామ్ వచ్చి ఆగింది.

"తలుపు దానంతటది తెరుచుకోదు. ఆ మీట నొక్కాలి. అదీ! భేష్!"

ఆయన భయభక్తులతో నొక్కాడు.

"పట్టుకోండి, పట్టుకోండి! ఈ డ్రైవర్లు మలుపు దగ్గర మనుషుల్ని బస్తాల్లా దొర్లిస్తారు."

"మరీ అంత దారుణమా అండీ?" అన్నాడాయన, కొంచెం నొచ్చుకున్నట్టు.

"మీరింకా ఎక్కడ చూశారు! ఇక్కడ ఎవరినైనా పలకరించాలంటే, పొద్దున్నైనా రాత్రైనా 'మోయిన్' అంటే చాలు. రెండుసార్లు అన్నారంటే వాగుడుకాయ అనుకుంటారు."

దిగాక కూడా ఆవిడ నోరు ఆగలేదు. ఎర్ర రాళ్లు పరిచిన దారి సైకిళ్లది, దాంట్లో నడిస్తే తిట్లు తప్పవంది. బండి కనిపించకపోయినా ఎర్రదీపం పడితే ఆగాల్సిందే, పిల్లలు చూసి నేర్చుకుంటారంది. చౌకు మూల, కోరికలు తీరుస్తుందని పేరున్న కంచు గాడిద బొమ్మ దగ్గర ఆయన ఒక్క చెయ్యి చాపేసరికి కసురుకుంది.

"రెండు చేతులతో ముందుకాళ్లు రెండూ పట్టుకుని కోరుకోవాలి! ఒక్క చేత్తో పట్టుకుంటే, ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇచ్చిందంటారు."

ఆయన బుద్ధిగా రెండో చెయ్యీ వేశాడు. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఏం కోరుకున్నారేంటి అంతసేపు?"

"చెబితే జరగదంటారుగా," అని నవ్వాడు.

నది ఒడ్డున బల్ల మీద కూర్చుని చేపముక్క పెట్టిన బన్నులు తిన్నారు. ఆ వంతెన ఎప్పటిది, ఆ పడవ ఎక్కడికి పోతుంది, అల్లంత దూరాన కనిపించే ఆ పొగగొట్టం దేనిది? ఆయన ఒకటి తరవాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. తెలిసినవి చెప్పింది, తెలియనివి కల్పించి చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. తనని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో ఆవిడకి గుర్తు లేదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఈ నెలంతా కలిపినా ఇన్ని మాటలు మాట్లాడలేదు.

నాలుగున్నరకి తిరుగు ట్రామ్ ఎక్కారు. ఆయన రైలు అయిదింటికట. ఇంకో రెండు స్టాపులు దాటితే స్టేషను. ఆ తరవాత ఆయన దారి ఆయనది.

"ఏడింటికి కూడా రైలుంది," అంది చటుక్కున. నిజానికి ఉందో లేదో ఆవిడకి తెలీదు.

"ఉందా?" ఆయన మొహం వెలిగింది. "అయితే ఆ రైలుకే వెళ్తాను. మనం గాలిమర చూడనేలేదు."

గాలిమర సంగతి తను చెప్పనే లేదే! సరే, మ్యాపులో చూసుంటాడులే అనుకుంది. ఇంకో రెండు గంటలు చేతికొచ్చాయి, అది చాలు.

"టికెట్లు చూపించండి." ముందు తలుపు వైపు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడే, ముప్పై దాటి ఉండవు.

ఎల్‌ఫ్రీడె పాసు తీసి దర్జాగా చాపింది. "ఈయన నాతో వచ్చారు. సెల్లె నుంచి. పాపం, ఊరికి కొత్త."

టీట్యెన్ టోపీని కళ్ల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టరు పాసు కేసి చూడనే లేదు. వంగి, టోపీ కింది మొహం చూశాడు. పకపకా నవ్వాడు.

"ఎవరమ్మా కొత్త? ఇదే నాలుగో నంబరు ట్రామును ఇరవై ఎనిమిదేళ్లు నడిపి, మొన్న మార్చిలో రిటైరైన మా గురువుగారండీ ఈయన!"