పక్క సీటు కింది తుప్పు

మా ఊరు లాంపాంగ్‌లో కారు కొంటే బౌద్ధ భిక్షువు చేత రక్ష చుక్కలు పెట్టించుకోవాల్సిందే. నడిపేవాడి తల పైన, కారు కప్పుకి పెడతాడు. మా రిపేరు షెడ్డుకొచ్చిన పాత కారు ఆస్టిన్‌లో మాత్రం అవి పక్క సీటు పైన ఉన్నాయి. పనయ్యాక మళ్ళీ పెట్టించుకుంటారులే అని పొద్దున్నే థిన్నర్‌తో తుడిచేశాను.

చీకటి పడ్డాక కారు లోపల నేల మీది తారు పూత గీకడం మొదలుపెట్టాను. వేడి తగలగానే పెచ్చులుగా ఊడొచ్చింది. కింద రేకు శుభ్రంగా ఉంది. పక్క సీటు ముందు మాత్రం పాదాల ఆకారంలో, వేళ్ళతో సహా రెండు తుప్పు మరకలున్నాయి.

బావమరిది క్రిత్ తొంగిచూసి నవ్వాడు. "పూత వేసేముందు ఎవడో చెమట కాళ్ళతో తొక్కి ఉంటాడు బావా. దీనికే హడలిపోతావేంటి?"

నాకు ఒళ్ళు మండింది. వైరు బ్రష్షుతో రేకు మెరిసేదాకా రుద్దాను. తర్వాత ఇద్దరం వీధి గుమ్మంలో నిలబడి టీ తాగాం.

తిరిగొచ్చేసరికి మరకలు మళ్ళీ ఉన్నాయి, తడిగా. ఇందాక ముందుకి ఉన్న వేళ్ళు ఇప్పుడు కారు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

క్రిత్ ఈసారి నవ్వలేదు. "బావా, ఆ చుక్కలు నడిపేవాడికి కాకుండా పక్క సీటుకెందుకు పెట్టించారంటావ్?"

నేను నోరు తెరిచేలోపే షెడ్డు పైనున్న మా ఇంట్లోంచి నా భార్య పిమ్ కేకేసింది.

"ఏమయ్యా, ఇంట్లోకి మనిషిని పంపేటప్పుడు కాళ్ళు కడుక్కోమని చెప్పొద్దూ? మెట్లన్నీ తుప్పు మరకలే!"