ఒక్క ఫోన్

"బయట బండి వచ్చి ఆగింది. వెళ్ళేముందైనా నిజం చెప్పు. అమ్మ పడిపోయినప్పుడు ఏం జరిగింది?"

చెల్లెలు సర్దిపెట్టిన సంచీ పక్కన నిలబడి చేతిలో ఫోన్ వంక చూస్తోంది. ముప్పై దాటిన మనిషి.

"నిన్నేనే! ఏం జరిగింది?" అక్క గొంతు పెంచింది.

"తెలీదు."

"చూశారా!" అక్క భర్త వైపు తిరిగింది. "బెల్లం కొట్టిన రాయిలా ఎలా నిలబడిందో! చిన్నప్పుడు పగిలిన బకెట్ రంగు కూడా గుర్తుంటుంది దీనికి. కన్నతల్లి పోయిన రోజు మాత్రం గుర్తులేదుట."

"డాక్టర్ చెప్పాడుగా. ఆటిజం ఉన్నవాళ్ళ జ్ఞాపకం మనలాగా ఉండదని."

"ఎలా ఉంటేనేం, అమ్మ అమ్మే కదండీ! పాలు విరిగాయని, బల్బు పోయిందని రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తీసేది. అమ్మ నేలమీద పడి ఉంటే మాత్రం చెయ్యాలని తోచలేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే అమ్మ బతికేది."

పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ అక్క ఇదే చెప్పింది. చెప్పగా చెప్పగా ఇప్పుడు ఎక్కడా తడబడకుండా వస్తోంది. అలాగని ఆమె ఏడుపు నటన కాదు, కోపమూ నటన కాదు. అమ్మని చేజేతులా పోగొట్టిన మనిషితో ఒకే ఇంట్లో ఉండలేననుకుంది. అందుకే ఇలాంటివాళ్ళని ఉంచుకునే హోమ్‌వాళ్ళతో మాట్లాడేసింది; బయట ఆగిన బండి వాళ్ళదే. అక్కడ చేరినవాళ్ళు మళ్ళీ ఇంటి మొహం చూడటం తక్కువ.

"ఆ ఫోనైనా పక్కన పడెయ్యమనండి. అమ్మని తీసుకెళ్తున్నప్పుడు కూడా దాన్నే చూస్తూ కూచుంది. కంట నీటిచుక్క లేదు."

బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఏం జరిగిందని అడిగితే జనం 'పాడైంది' అని తప్ప ఏమీ చెప్పలేరని అతనికి అనుభవం. లైటు వెలుగుతోందా, తలుపు పడుతోందా అని ఒక్కొక్కటే అడిగి రాబట్టాలి. మరదల్ని అమ్మ పడిపోయిన వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర నిలబెట్టాడు. అక్క వెనకే వచ్చి గుమ్మంలో ఆగింది.

"అమ్మ పడ్డప్పుడు పొయ్యి వెలుగుతోందా?"

"వెలుగుతోంది. పాలు పొంగుతున్నాయి. నేనే కట్టేశాను."

"అమ్మ ఎటు పడింది?"

"సింకు వైపు. ఎడం చెయ్యి కింద ఉండిపోయింది. స్టీలు గ్లాసు తలుపు దాకా దొర్లింది."

"ఏమైనా మాట్లాడిందా?"

"'అక్కకి ఫోన్ చెయ్యి' అంది. తర్వాత పెదాలు కదిలాయి. మాట రాలేదు."

ముఖంలో మార్పు లేదు గానీ పొయ్యి గట్టు అంచుని వదలకుండా పట్టుకుంది. సింకు కింద ఖాళీగా ఉన్న గచ్చునే చూస్తోంది. బావ ఆ గచ్చుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఇక చాల్లే, రా" అన్నాడు.

"ఏం చాలు?" అక్క లోపలికి దూసుకొచ్చింది. "అమ్మ నోరు తెరిచి అడిగిందట! మరెందుకు చెయ్యలేదే?"

"చేశాను."

"అబద్ధం! ఎవరికి చేశావ్?"

"నీకు."

బావ భార్య వంక చూడకుండా మెల్లగా అడిగాడు.

"అక్క ఎత్తిందా?"

"ఎత్తింది."

"ఏమంది?"

చెల్లెలు నోరు తెరిచింది. వచ్చింది అచ్చం అక్క గొంతే. అదే విసుగు, అదే తొందర.

"'అబ్బబ్బ, ఇవాళ ఏ బల్బు పోయిందే? మీటింగ్‌లో ఉన్నాను. మళ్ళీ చెయ్యకు. పక్కింటివాళ్ళనీ విసిగించకు. నేనే చేస్తా, అప్పటిదాకా కదలకుండా కూచో.'"

అక్కకి ఆ మీటింగ్ గుర్తొచ్చింది. చెల్లెలి గొంతు వినకుండానే పెట్టేసిన ఫోనూ గుర్తొచ్చింది.

"మరి... ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదే?"

చెల్లెలు ఫోన్ వెలిగించి ఒకసారి చూసుకుంది. మళ్ళీ గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"నువ్వింకా చెయ్యలేదుగా అక్కా."