అంచు మీద రాత

“ఈ ఏడు కలెక్షన్‌లో మొదటి స్కార్ఫ్ ఇదే!” అంటూ యజమాని ఫుమగల్లి, కొత్తమ్మాయి నివెస్ గీసిన డిజైన్‌ని బల్ల మీద పరిచాడు. “ఎర్మీనియా, నీ ద్రాక్షతీగలు కూడా బాగానే ఉన్నాయిలే. చలికోటు లోపల లైనింగ్‌గా వేద్దాం.”

లైనింగ్! ఎవరికీ కనపడని చోట! ఎర్మీనియాకి ఒళ్ళు మండిపోయింది. ఇటలీలో, కోమో ఊళ్ళోని ఈ పట్టు మిల్లులో ఇరవై రెండేళ్ళుగా పాత చిత్రాలు చూసి డిజైన్లు గీస్తోంది ఆవిడ. మొదటి స్కార్ఫ్ ఎప్పుడూ ఆవిడదే. నిన్నగాక మొన్న వచ్చిన నివెస్, ఏదో పల్లెటూరి చర్చి గోడ మీది పాత బొమ్మలో మరియమ్మ కట్టుకున్న నీలం బట్ట చూసొచ్చి గీసేసరికి అందరి కళ్ళూ జిగేల్‌మన్నాయి.

“అంచు మీద ఈ బంగారు అక్షరాలేమిటమ్మా?” అనడిగాడు ఫుమగల్లి.

“అక్షరాలు కావండీ, ఒట్టి గీతలు,” అంది నివెస్. “ఆ బొమ్మ వేసిన రోజుల్లో తూర్పు దేశాల పట్టు మీద అరబ్బీ రాత ఉండేది. మన చిత్రకారులకి చదవడం రాదుగా, చూసి అలా గిలికేశారు. అర్థం పర్థం ఏమీ లేదు.”

అందరూ నవ్వారు. ఎర్మీనియా కూడా నవ్వింది. అర్థం లేకపోతే మనమే ఒకటి పెడితే సరి అనుకుంది. అసూయకి తెలివితేటలకేం లోటు?

ఆ సాయంత్రమే రషాద్ కూరగాయల కొట్టుకి వెళ్ళింది. అతను ఈజిప్టు నుంచి వచ్చి పదేళ్ళయింది.

“రండి సిన్యోరా ఎర్మీనియా! నిమ్మకాయలు ఇప్పుడే వచ్చాయి.”

“నిమ్మకాయలు కాదయ్యా. మీ అరబ్బీలో ఒక్క ముక్క రాసిపెట్టు. ‘దీన్ని గీసింది ఒక దొంగ’ అని.”

రషాద్ చేతిలోని బుట్ట కింద పెట్టాడు. “ఎవరు సిన్యోరా దొంగ?”

“మా ఆఫీసులో ఒకతె.”

“ఏం ఎత్తుకుపోయింది?”

“నా చోటు!” అంది ఆవిడ. “ఇన్నాళ్ళూ అందరూ నా వంక చూసేవాళ్ళు. ఇప్పుడు దాని వంక చూస్తున్నారు. నాకు ముద్ద గొంతు దిగట్లేదయ్యా. రాస్తావా, ఇంకొకణ్ణి అడగమంటావా?”

రషాద్ ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత పళ్ళు చుట్టే కాగితం మీద నిదానంగా, ముచ్చటగా ఒక వరుస రాసి ఇచ్చాడు. పైగా రెండు నిమ్మకాయలు ఊరికే చేతిలో పెట్టాడు.

డిజైన్ అచ్చుకి వెళ్ళే రోజున నివెస్ భోజనానికి లేవగానే, ఎర్మీనియా పాత గీతలు చెరిపేసి ఆ వరుసని అంచు చుట్టూ దించేసింది. అచ్చయి వచ్చిన స్కార్ఫ్ చూసి నివెస్ కళ్ళు చిట్లించింది.

“అంచు కాస్త మారినట్టు లేదూ?”

“పట్టు మీద రంగు పాకితే అలాగే కనిపిస్తుందిలే పిల్లా. నీకింకా కొత్త,” అంది ఎర్మీనియా.

ఏప్రిల్‌లో సరుకు కొనేవాళ్ళు వచ్చారు. బేరూత్ నుంచి తొలిసారిగా వచ్చిన నజ్లా అనే పెద్దావిడ గుమ్మంలో అడుగుపెట్టడమే ఆలస్యం, ఎర్మీనియా ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా నివెస్ స్కార్ఫ్ దగ్గరికి తీసుకుపోయింది. ఫుమగల్లి, నివెస్ అక్కడే ఉన్నారు. ఎర్మీనియా లోలోపలే మురిసిపోయింది. ఇక ఈ పిల్ల పెట్టే బేడా సర్దుకోవాల్సిందే.

“ఈ అంచు చూడండి మదామ్. మీ భాషలా లేదూ? కాస్త గట్టిగా చదవండి!”

నజ్లా కళ్ళద్దాలు పెట్టుకుంది. అంచుని తిప్పుతూ మనసులోనే చదివింది. మళ్ళీ ఒకసారి చదివి స్కార్ఫ్‌ని గుండెలకి హత్తుకుంది.

“ఇవి నాకు మూడొందలు పంపండి. ఇంత చల్లని మాట ఏ బట్ట మీదా చూడలేదు.”

ఎర్మీనియా మొహం మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. నివెస్ నోరు తెరిచింది.

“అందులో నిజంగా ఏదో రాసుందా? ఏమని మదామ్?” అన్నాడు ఫుమగల్లి.

“ప్రార్థనండీ. ‘దేవుడా, మా ఎర్మీనియా కడుపుమంట చల్లార్చు’ అని. ఇంతకీ ఎవరమ్మా ఈ ఎర్మీనియా?”