దొరల భోజనాల గది

"దీపాల గుత్తి ఎలా ఉండేదమ్మా?" నిచ్చెన మీంచి అడిగాడు నబోర్.

సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టిన తన హోటల్లో, పాత హసియెండా బంగళాలో దొరలు తిన్న భోజనాల గదిని అచ్చంగా దింపెయ్యాలని అతని పంతం. వాళ్లమ్మ కాసిల్దా పెళ్లయ్యేదాకా ఆ గదిలోనే పనిచేసింది మరి.

"నాకేం తెలుసురా? తలెత్తనిస్తేగా! నేల సంగతడుగు, చెప్తాను. గుమ్మం దగ్గర పలక పగిలి ఉండేది."

"పోనీ, కుర్చీలు?"

"కాళ్లకి సింహం గోళ్లుండేవి. ఒకదాన్ని కుక్క కొరికేసింది."

"వీపు ఆనించేచోట చెక్కడం?"

"ఆనుకున్నవాళ్లనడుగు."

"దొర మొహమైనా చూశావా?"

"బూట్లు బాగుండేవి."

నబోర్‌కి ఒళ్లు మండింది. చరచరా దిగొచ్చి, బల్ల కొసనున్న పెద్ద కుర్చీలో తల్లిని కూర్చోబెట్టేశాడు.

"దొరసాని కూర్చునే చోటిది. చూసి నువ్వే చెప్పు, దీపం ఎక్కడ కట్టాలో!"

కాసిల్దా ముందు అంచుమీదే కూర్చుంది. కాసేపటికి వెనక్కి ఆనుకుంది. తలెత్తి పైకప్పంతా తీరిగ్గా చూసింది. ఆ తర్వాత కొడుకు కాళ్లు చూసింది.

"ఆ ఇసక కాళ్లేమిట్రా! నేలంతా పాడుచేశావు. తుడు."

నబోర్ సణుక్కుంటూనే గుడ్డ తెచ్చి మోకాళ్ల మీద వంగాడు. అక్కణ్ణుంచి అతనికి కుర్చీ కాళ్లు, బల్ల అడుగుభాగం, నేలకందక హాయిగా ఊగుతున్న అమ్మ పాదాలు కనిపించాయి. అంతే, ఇంకేం కనిపించలేదు.

దీపం సంగతి మళ్లీ ఎత్తలేదతను.

"ఆ మూల వదిలేశావు," అంది పైనుంచి దొరసాని.