నలభయ్యో పేరు

“సంతకం పెట్టు నాన్నా. ఒంటిగంటకు కిటికీ మూసేస్తారు,” అంది కూతురు.

తండ్రి ఫారం మళ్లీ చదివాడు. అడుగున రెండు గడులు. ఒకటి ఫిజిక్స్‌కి, రెండోది ఇంజినీరింగ్‌కి. ఏదో ఒకదానిలోనే టిక్కు పెట్టాలి, అదీ సిరాతో. ఒకసారి ఇచ్చాక మార్చరు. విశ్వవిద్యాలయం అడ్మిషన్ల వరండా జనంతో నిండిపోయింది. కూర్చోవడానికి ఉన్నది ఒకే బెంచీ. దాని మీద తండ్రి, కూతురు, ఆమె మేనమామ ఇరుక్కుని కూర్చున్నారు.

“ఇంజినీరింగ్ గడిలో టిక్కు పెట్టి ఇవ్వు. సంతకం పెడతాను.”

“నాకు ఫిజిక్స్ కావాలి.”

“ఫిజిక్స్ చదివినవాళ్లు ఏమవుతారో తెలుసా?”

“ఏమవుతారు?”

“ఫిజిక్స్ చెప్తారు.”

“చెప్తే తప్పా?”

“వినేవాళ్లు ఉండాలిగా. ఆ కూర్చున్న కొద్దిమందీ ఇంకెక్కడా సీటు దొరక్క వచ్చినవాళ్లే.”

మేనమామ గొంతు సవరించుకున్నాడు. అతను ఇంజినీరింగ్ చదివాడు. పరుపుల షాపులో మేనేజరు.

“నువ్వే ఇలా అంటే ఎలా బావా? నన్ను చూడు. నాలుగేళ్లలో మాకు చూపించింది ఒక్క మోటారు. అదీ గాజు తలుపు వెనక. ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు పొద్దస్తమానం పరుపులు నొక్కి చూపిస్తున్నా.”

“నీ కార్డు మీద పేరు కింద ఏముంది?”

“ఇంజినీర్ అని.”

“అది చూసే నీకు పిల్లనిచ్చారు. ఫిజిక్స్ అని ఉంటే ఆ పరుపు మీద కూర్చోనిచ్చేవాళ్లు కూడా కాదు.”

మేనమామ కార్డు ఉన్న జేబును ఒకసారి తడుముకున్నాడు.

కూతురు ఊరుకోలేదు. “నాకు పదేళ్లప్పుడు, కొళాయి ధార కిందికొచ్చేకొద్దీ ఎందుకు సన్నబడుతుందని అడిగాను. నువ్వు స్కేలు తెచ్చి పైన ఎంతుందో, కింద ఎంతుందో కొలిపించావు. పడేకొద్దీ నీళ్లకు వేగం పెరుగుతుందన్నావు. నేను ఇదే చదవాలని ఆ రోజే అనుకున్నా.”

“ఆ రోజు రెండు బకెట్ల నీళ్లు దండగ.”

“నీకూ సంతోషంగానే ఉండింది. నేను చూశాను.”

తండ్రి కలం మూత తీశాడు. మళ్లీ పెట్టాడు.

“అక్క ఉండుంటే ఈపాటికి సంతకం పెట్టేసేది,” అన్నాడు మేనమామ.

“మీ అక్క ఉండుంటే నిన్ను షాపు మానుకుని రానిచ్చేది కాదు.”

తర్వాత కూతురి వైపు తిరిగాడు. “ల్యాబులో ఏం చేయిస్తారనుకుంటున్నావు? లోలకం ఊపుతావు. సెకన్లు లెక్కపెడతావు. పుస్తకంలో ఉన్న అంకె రాదు. వచ్చినట్టు రాస్తావు. మాస్టారు కూడా వచ్చిందనుకుని మార్కులేస్తాడు. మూడేళ్లూ అంతే. లోలకం మటుకు ఎక్కడిదక్కడే ఉంటుంది.”

“నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను.”

“అయితే ఫెయిలవుతావు.”

కిటికీలోంచి గుమాస్తా తల బయటపెట్టాడు. “సార్, ఫిజిక్స్ ముప్పైతొమ్మిది దగ్గరే ఆగింది. మీకు తెలిసిందేగా, నలభై కాకపోతే ఈ ఏడు కోర్సు ఎత్తేస్తారు. పాప చేరితే గండం గట్టెక్కినట్టే.”

కూతురు చటుక్కున లేచి నిలబడింది. “విన్నావా నాన్నా? నాతో నలభై అవుతుంది.”

“మునిగే పడవలోకి నలభయ్యో మనిషివి నువ్వు కానక్కర్లేదు.”

“మునిగితే మునుగుతాను.”

“నీ ఇష్టం. నా సంతకం మాత్రం ఉండదు.”

గోడ గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. అతని చేతిలోంచి ఫారం తీసుకుని బెంచీ మీద పెట్టి, వంగి, ఇంజినీరింగ్ గడిలో టిక్కు పెట్టింది. ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగినంత పనైంది.

తండ్రి ఫారం తీసుకుని, టిక్కు సరైన గడిలోనే ఉందా అని రెండుసార్లు చూసుకుని, సంతకం చేశాడు. గుమాస్తా ఆ ఫారం చూశాడు. తండ్రిని చూశాడు. ముద్ర కొట్టి లోపల పెట్టుకున్నాడు.

“పద మామయ్యా,” అంది కూతురు. తండ్రిని రమ్మనలేదు.

మేనమామే వెనక్కి తిరిగి అడిగాడు. “నువ్వు రావా బావా?”

“నాకిక్కడ పనుంది.”

వాళ్లు గేటు దాటుతుండగా ఒకావిడ రొప్పుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుడుతున్న బట్ట మిషన్ మీద వదిలేసి వచ్చినట్టుంది. వెనకే ఆమె కూతురు, చేతిలో ఖాళీ ఫారంతో. గుమాస్తా వాళ్లతో ఏదో చెప్పి, తండ్రి వైపు చూపించాడు.

“సార్, మా పిల్లకు రెండింట్లోనూ సీటు వస్తుందంట,” అంది దర్జీ ఆవిడ. “మా ఇంట్లో ఇంత చదువు చదివినవాళ్లు లేరు. మంచీ చెడ్డా చెప్పేవాళ్లూ లేరు. మీరూ ఇప్పుడే మీ పాపను చేర్చారంట కదా. మీ పిల్లే అనుకుని ఒక్క మాట చెప్పండి.”

ఎందులో చేర్చారని ఆమె అడగలేదు. పక్కనున్న అమ్మాయి రెండు గడుల వంకా మార్చి మార్చి చూస్తోంది.

తండ్రి గేటు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఒంటిగంటకు నాలుగు నిమిషాలుంది. బెంచీ మీద జరిగి ఆ అమ్మాయికి చోటిచ్చి, కలం మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

“నేను ఫిజిక్స్ హెడ్‌ని, మా దగ్గరే చేర్చండమ్మా,” అన్నాడు.