పొగమంచు తాగే పురుగు

“సాయంత్రం నేనొచ్చేసరికి ఈ గ్లాసు ఖాళీ కాకపోతే సెలైన్ సూది తప్పదు!” అనేసి డాక్టరమ్మ పక్క వార్డుకు వెళ్ళిపోయింది.

గొంతుకు ఆపరేషనైన పాప, అందరూ పిట్ట అనే పిల్ల, పెదాలు బిగించుకుని కూర్చుంది. మింగితే మంట. సూదంటే అంతకన్నా మంట.

“కళ్ళతో బయటికి పంపే నీళ్ళు కాస్త నోటితో లోపలికి పంపవే తల్లీ!” అంది ఆయమ్మ. వార్డులో ఆవిడ పేరు కోతలమ్మ. గోరంతను కొండంత చేయడం ఆవిడకు నీళ్ళు తాగినంత తేలిక.

పిట్ట గోడ మీది ప్రపంచ పటం వైపు వేలు చూపించింది. “ఆ దేశం కథ చెప్పు. ఆఫ్రికాలో, కింద. నమీబియా అని రాసుంది,” అంది గుసగుసగా.

ఆయమ్మకు అక్షరమ్ముక్క రాదు. ఆ పేరు వినడం అదే మొదలు. అయితేనేం, నోరుందిగా!

“ఓస్, అదా! అక్కడ ఇసుకే కొండలు. ఎర్రెర్రగా, మేడ మీద మేడ పెట్టినా అందవు. నేరుగా సముద్రంలోకే దిగుతాయి. దారి తప్పిన ఓడలు ఇసుకలో కూరుకుపోయి దిక్కులు చూస్తుంటాయి.”

పక్క మంచాల పిల్లలూ లేచి కూర్చున్నారు.

“మరి నీళ్ళు?”

ఆయమ్మ చూపు గ్లాసు మీద పడింది. “వానే పడదు! అందుకని అక్కడొక నల్ల పురుగు, సముద్రం మీంచి పొగమంచు రాగానే కొండెక్కి, తల కిందికీ వెనక పైకీ పెట్టి నిలబడుద్ది. మంచు వీపు మీద బొట్టు కట్టి, జారి జారి నోట్లో పడుద్ది. ఒక్క చుక్క కోసం అంత పాటు! నీకేమో గ్లాసుడు నీళ్ళు చేతిలో ఉన్నాయి.”

వార్డంతా నోరెళ్ళబెట్టింది. పిట్ట గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపింది. “నిజమైతేనే తాగుతా. డాక్టరాంటీని అడుగుతా.”

ఆయమ్మ మెల్లగా మంచం వెనక్కి జారుకుంది. సాయంత్రం కాగానే డాక్టరమ్మ రానే వచ్చింది. అంతా విని, మంచం వెనక దణ్ణాలు పెడుతున్న ఆయమ్మను చూసి నవ్వాపుకుంది. “నిజమేనే...”

“ఊహూఁ, ఫోన్లో చూపించు.”

ఇక కొంప మునిగింది. ఆయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి గటగటమని శబ్దం. కళ్ళు తెరిస్తే పిట్ట చేతిలో ఖాళీ గ్లాసు!

“నీ కడుపు చల్లగుండ! నా పరువు నిలబెట్టావు. ఏం మాయ చేశావు డాక్టరమ్మా?”

డాక్టరమ్మ ఫోను ఆయమ్మ వైపు తిప్పింది. ఎర్రటి ఇసుక కొండ కొసన, తలకిందులుగా నల్ల పురుగు. నోటి దగ్గర మెరుస్తూ నీటి బొట్టు.

ఆయమ్మ ఉన్నపళంగా కూలబడి, పైకి చూసి చేతులెత్తింది. “ఓరి దేవుడో! ఇది నేనిప్పుడే అల్లాననుకున్నా... నాకంటే ముందే కోసేశావా!”