ఆఖరి మాట ఎవరిది

"కూర్చోండి" అని లైల్ అనేలోపే ఫోంటెనో కూర్చున్నాడు. అదీ కిటికీ పక్క కుర్చీలో. ఏళ్ళ తరబడి అది లైల్ కుర్చీ.

'పోనీలే, కొత్త మనిషి' అనుకుని లైల్ ఎదురుగా సర్దుకున్నాడు. బయట సరస్సు మీదినుంచి మంచు అడ్డంగా కొడుతోంది. పోయిన సోమవారం, సీజన్ ముగిసిన మర్నాడు పొద్దున్నే, హెడ్ కోచ్‌నీ అతని మనుషులందరినీ ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఫెర్రీమెన్ అనే ఈ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ లేడు. కొత్తవాణ్ణి వెతకడం జనరల్ మేనేజర్‌గా లైల్ పని. ఇప్పటికే నలుగురిని చూశాడు. నలుగురూ అతని జోకులకి పడీపడీ నవ్వారు. ఒక్కడూ పనికిరాడు.

జట్టు యజమానురాలు హాల్వర్సన్ మేడమ్ పొద్దున తలుపు దగ్గర నిలబడి అన్న మాట అతని చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. "ఈసారి తేడా వస్తే కోచ్ ఒక్కడే పోడు లైల్. మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి. అయ్యాక నా గదికి రండి, తేల్చేద్దాం."

అంటే ఈ ఐదోవాడితో తన ఉద్యోగమూ ముడిపడింది. ఊరూరా చిన్న కాలేజీల మైదానాల్లో చలికి వణుకుతూ, కుర్రాళ్ళ ఆట చూసి ఏరుకొస్తూ, మెట్టుమెట్టుగా ఎక్కి సంపాదించుకున్న ఉద్యోగం. అది పోతే లైల్‌కి ఇంకో పని చేతకాదు.

ఫోంటెనో వేరే జట్టులో సహాయ కోచ్. ఆ జట్టు మొన్న శనివారమే, సీజన్ తర్వాత మేటి జట్లు ఆడే ప్లేఆఫ్స్‌లో ఓడింది. నిన్న ఆదివారం ఇక్కడ దిగాడు, సాయంత్రం మేడమ్ ఇంట్లో భోజనం చేశాడు. 'లూసియానా ఎండల్లో పెరిగిన మనిషి కదా, ఈ చలికి జడిసి పారిపోతాడేమోనని పెద్దావిడ వేడివేడి సూప్ పోసి ఉంటుంది' అనుకున్నాడు లైల్.

"మీ గురించి చెప్పండి."

"నా సంగతికేం గానీ, మీ ఆఖరి ఆట మళ్ళీ చూశారా?"

"చూసి చూసి కళ్ళు పోయాయి."

"ఏం కనబడింది?"

వార్నీ! అడగాల్సినవాడు తనైతే వీడు అడుగుతాడేంటి? లైల్‌కి ఒళ్ళు మండింది. అయినా జవాబు చెప్పాడు. "మా క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోయే ప్రతిసారీ అవతలివాళ్ళు మీద పడిపోయారు. ఎందుకో మాత్రం ఇప్పటికీ అంతు చిక్కలేదు. నిజం చెప్తున్నాను."

ఫోంటెనో లేచి గోడమీద తెర వెలిగించాడు. క్వార్టర్‌బ్యాక్‌కి ముందు నిలబడి కాపు కాసే గార్డుల వరస కనబడింది. "మీ ఎడమ గార్డు కాలు చూడండి. ఇది బంతి పట్టుకుని పరిగెత్తే ఆట. మడమ నేలకి అతుక్కునుంది. ఇప్పుడిది విసిరే ఆట. బంతి ఇంకా కదల్లేదు, మడమ లేచిందా? ఇదిగో ఇంకోటి. ఇంకోటి. మీ వాడు కాలితో టముకు వేస్తున్నాడు సార్, విసరబోతున్నామహో అని!"

లైల్ గుడ్లప్పగించి చూశాడు. గదినిండా కోచ్‌లు, ఖరీదైన కంప్యూటర్లు, ఏడాదంతా చూశారే! ఇంతమందికి కనబడనిది ఈ మనిషికి ఎలా కనబడింది? తను చూస్తున్నది మామూలు కోచ్‌ని కాదని అతనికి ఆ క్షణాన అర్థమైపోయింది. ఇలాంటివాడు జన్మకొక్కసారి ఎదురుపడితే గొప్ప. కోపం ఎటు పోయిందో తెలియలేదు, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుండిపోయాడు.

"మెర్సర్‌ని ఎవరు వదులుకున్నారు?" ఫోంటెనో ఉన్నట్టుండి అడిగాడు.

మెర్సర్ వాళ్ళ పాత క్వార్టర్‌బ్యాక్. ఊరు ఊరంతా తలచుకుని ఏడ్చే పేరు.

"నేనే."

"వదిలేయమని మేడమ్ పట్టుబట్టారని బయట చెప్పుకుంటున్నారే?"

"బయట వంద చెప్పుకుంటారు. ఆటగాళ్ళ విషయంలో ఆఖరి మాట నాది. వద్దని గట్టిగా చెప్పాల్సిందీ నేనే, చెప్పలేకపోయిందీ నేనే. ఆవిడ మీదికి తోసేయడం నా వల్ల కాదు."

ఫోంటెనో తెర దగ్గర్నుంచి వచ్చి మళ్ళీ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "ఇకమీదట ఆ ఆఖరి మాట నాది కావాలి. ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్నది నేను చెప్తాను. మీకు కష్టంగా ఉంటుందా?"

కష్టమా? గుండెలో ముక్క కోసి అడిగినట్టుంది. ఆ అధికారం కోసం పాత కోచ్‌తో లైల్ ఎన్ని పోట్లాటలు పడ్డాడని! తెరమీద గార్డు మడమ ఇంకా గాల్లోనే ఆగి ఉంది. దాన్ని చూసి లైల్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఉంటుంది. అబద్ధమెందుకు? కానీ మీకు కనబడేది నాకు కనబడదు. తీసుకోండి. కుర్రాళ్ళని వెతికి తెచ్చి మీ ముందు నిలబెడతాను, ఏరుకోవడం మీ పని."

ఇద్దరూ మేడమ్ గదికి వెళ్ళారు. పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని కూర్చోమని సైగ చేసింది. లైల్ కూర్చోలేదు.

"మేడమ్, ఈయన్ని చేజార్చుకోకండి. నేనింతవరకూ ఇలాంటి మనిషిని చూడలేదు. ఆటగాళ్ళ మీద ఆఖరి మాట కూడా ఇచ్చేయండి, నేను అడ్డురాను. నా ఉద్యోగం పణంగా పెట్టి చెప్తున్నాను."

జీవితంలో ఇంత సరైన మాట తనెప్పుడూ చెప్పలేదని అతనికి తెలుసు.

మేడమ్ ఓపిగ్గా అంతా విని తల ఊపింది. ఆ తర్వాత లైల్‌ని దాటి, వెనక నిలబడ్డ ఫోంటెనో వైపు చూసింది.

"మరి నువ్వేమంటావు కోచ్, ఈయన్ని ఉంచుకుంటావా?"